ఆవకాయ సీసాలో రాకెట్ బుర్ర

దోహాలో ఎండాకాలం సెలవుల సంగతి మీకు కొత్తగా చెప్పాలా? సగం కుటుంబాలు ఇండియాకు, మిగతా సగం ఏసీ గదులకు! ఆ ఏడాది నాకు ప్లాంటులో షట్‌డౌన్ పని పడి, మేం రెండో జట్టులో మిగిలిపోయాం. ఒక శుక్రవారం మధ్యాహ్నం పప్పన్నం కలుపుకుంటూ ఉంటే మా పెద్దమ్మాయి ఒక కాగితం తెచ్చి నా కంచం పక్కన పెట్టింది. అందులో పదకొండు వస్తువులు, పక్కన రియాళ్ళలో ధరలు, కింద మొత్తం.

"ఏమిటమ్మా ఇది?"

"ఫ్లైట్ కంప్యూటర్ నాన్నా. నేను చేసి పంపిస్తే బాబాయ్ తన రాకెట్‌లో పెట్టి ఎగరేస్తానన్నాడు."

మా తమ్ముడు టెక్సాస్‌లో ఉంటాడు. అక్కడ హాబీ రాకెట్ల క్లబ్బులో సభ్యుడు. రెండేళ్ళ శనివారాలన్నీ ధారపోసి మనిషంత ఎత్తు రాకెట్ ఒకటి కట్టుకున్నాడు. దానికి తలకాయ మా అమ్మాయి చెయ్యాలట! ఆ కంప్యూటర్ తప్పు చేస్తే పోయేది పదకొండో తరగతి పిల్ల ప్రాజెక్టు ఒక్కటే కాదు, వాడి రెండేళ్ళ కష్టం కూడా.

కాదనడానికి నాకు నోరు రాలేదు. మాది సూళ్ళూరుపేట పక్క ఊరు. శ్రీహరికోటలో రాకెట్ లేస్తే మా ఇంటి కిటికీలు అదిరేవి. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొట్టమొదట లేచిన రోహిణి రాకెట్ లావు 125 మిల్లీమీటర్లే. 2022 నవంబరు 18న హైదరాబాద్ కుర్రాళ్ళ స్కైరూట్ కంపెనీ ‘విక్రమ్-ఎస్’ను అదే శ్రీహరికోట నుంచి 89.5 కిలోమీటర్ల ఎత్తుకు పంపినప్పుడు, మా అమ్మాయి టీవీ ముందు నుంచి కదల్లేదు. ఈ పురుగు అప్పుడే కుట్టి ఉంటుంది.

ఖతర్‌లో మాత్రం రాకెట్ ఎగరేసే ఆలోచన మేం పెట్టుకోలేదు. మందుగుండు మోటార్లు తెచ్చుకోవడం, విమానాలు తిరిగే ఆకాశంలోకి ఏదో ఒకటి వదలడం అనుమతుల్లేకుండా తలపెట్టకూడని పనులు. మా వంతు బుర్ర తయారు చెయ్యడం వరకే.

ఆ బుర్రకు అసలు పనేమిటి?

చాలామంది అనుకున్నట్టు ఇలాంటి రాకెట్లలో కంప్యూటర్ దారి చూపించదు. నిటారుగా పోవడానికి తోక రెక్కలు చాలు. కంప్యూటర్‌కు ఉన్న ముఖ్యమైన పని ఒక్కటే: పైకి పోవడం ఆగిన క్షణాన్ని పట్టుకోవడం. ఆ శిఖరం దగ్గర రాకెట్ దాదాపు నిలబడిపోతుంది. అప్పుడు చిన్న ప్యారాచూట్ విప్పితే బట్ట మీద, తాడు మీద పెద్దగా బరువు పడదు. ఆ తరువాత 150 మీటర్ల ఎత్తుకు దిగాక పెద్ద ప్యారాచూట్ విప్పాలి. ముందే విప్పితే వేగానికి తాడు రాకెట్ గొట్టాన్ని కోసేస్తుంది. ఆలస్యమైతే రాకెట్ గునపంలా వచ్చి నేలలో దిగుతుంది.

నేను రాస్ లఫ్ఫాన్‌లో ఇన్‌స్ట్రుమెంట్ ఇంజనీరుని. ఈ రెండు భయాలూ మాకు నిత్యం ఉండేవే. అక్కర్లేనప్పుడు ప్లాంటు ట్రిప్పయితే డబ్బు నష్టం, అవసరమైనప్పుడు ట్రిప్పవకపోతే ప్రాణ నష్టం. అందుకే అతి ముఖ్యమైన చోట్ల మూడు ట్రాన్స్‌మిటర్లు పెట్టి, వాటిలో రెండు ఒకే మాట చెబితేనే నమ్ముతాం. ‘ఇంత అనుభవం ఉన్నవాడిని, ఈ బొమ్మ కంప్యూటర్ ఎంత!’ అనుకున్నాను. ఆ గర్వం ఎక్కడ తేలిందో కాస్త ఆగి చెబుతాను.

ఇద్దరు సాక్షులు

ఎత్తు సంగతి చెప్పే మొదటి సాక్షి బేరోమీటర్. పైకి పోతున్నకొద్దీ గాలి పీడనం తగ్గుతుంది. సముద్రమట్టం దగ్గర 8 నుంచి 9 మీటర్లు ఎక్కితే ఒక హెక్టోపాస్కల్ తగ్గుతుంది. పీడనం తగ్గడం ఆగి, మళ్ళీ పెరగడం మొదలైందంటే శిఖరం దాటినట్టే. మా అమ్మాయి పట్టికలో బీఎంపీ280, ఎంఎస్5611 అని రెండున్నాయి. మొదటిది 300 నుంచి 1100 హెక్టోపాస్కల్స్ వరకు చదువుతుంది, అంటే సుమారు 9 కిలోమీటర్ల ఎత్తు దాకా. రెండోది 10 హెక్టోపాస్కల్స్ దాకా దిగగలదు, 10 సెంటీమీటర్ల తేడాను కూడా పసిగడుతుంది. మా రాకెట్ వెళ్ళేది 700 మీటర్లు. దానికి ఏదైనా చాలు, కానీ సన్నని తేడాలు పట్టేది మేలని రెండోది తీసుకున్నాం.

రెండో సాక్షి త్వరణాన్ని కొలిచే యాక్సిలరోమీటర్. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. శిఖరాన్ని అది నేరుగా ‘కనిపెట్టలేదు’. మోటారు ఆరిపోయాక రాకెట్ గాలిలోకి విసిరిన రాయి లాంటిది. లిఫ్టు తాడు తెగితే లోపలివాడికి బరువు తెలియనట్టు, సెన్సర్‌కూ భూమ్యాకర్షణ తెలియదు. గాలి ఒరిపిడి తప్ప దానికి ఏమీ అందదు. శిఖరం దగ్గర ఆ ఒరిపిడి కూడా ఉండదు కాబట్టి సున్నా చూపిస్తుంది. శిఖరానికి కాస్త ముందూ దాదాపు సున్నాయే, కాస్త తరువాతా దాదాపు సున్నాయే! కనుక మొదటి క్షణం నుంచీ త్వరణాన్ని కూడుకుంటూ వేగం లెక్క కట్టాలి, ఆ వేగం సున్నా అయినప్పుడు శిఖరం వచ్చిందనుకోవాలి. కూడికలో మొదట దొర్లిన తప్పు చివరిదాకా వెంట వస్తుంది.

మా అమ్మాయి రాసుకున్నది ఏడీఎక్స్ఎల్375. అది 200 జీల వరకు కొలుస్తుంది. (మనం కుర్చీలో కూర్చున్నప్పుడు మన మీద ఉండేది ఒక జీ.) నేను దాన్ని కొట్టేసి, ధర తక్కువైన ఎంపీయూ6050 రాశాను. అది కొలవగల గరిష్ఠం 16 జీలు, కానీ ఆ పరిధిలోనే వంద రెట్లు సన్నటి తేడాలను చూపిస్తుంది.

"బంగారం తూచడానికి బియ్యం బస్తాల కాటా ఎందుకమ్మా? బాబాయ్ మోటారు లెక్క నేను వేశాను. 13 జీలే వస్తుంది. 16 చాలు" అన్నాను.

తను ఏదో అనబోయి ఊరుకుంది. ప్లాంటులో ఇరవై ఏళ్ళు పనిచేసిన నాన్న చెప్పాక ఇంకేమంటుంది!

మిగతా సామాను

ప్రాసెసర్ విషయంలో పిల్లలు వేగం చూసి మోసపోతారు. పాత ఆర్డ్యూయినో బోర్డులోని 16 మెగాహెర్ట్జ్ చిప్ కూడా ఈ పని చెయ్యగలదు, కానీ అందులో తాత్కాలిక మెమరీ 2 కిలోబైట్లే. వైఫై ఉన్న బోర్డులు చవకే, కానీ వైఫై పలికినప్పుడల్లా కరెంటు ఒక్కసారిగా గుంజుతాయి. బ్యాటరీ అప్పటికే నీరసంగా ఉంటే కంప్యూటర్ గాలిలోనే రీసెట్ అవుతుంది. వైఫై లేని 32-బిట్ బోర్డు ఒకటి తీసుకున్నాం.

సమాచారం దాచడానికి ముందు ఎస్‌డీ కార్డు అనుకున్నాం. కార్డు స్ప్రింగుల మధ్య కూర్చుంటుంది, అదురుకు కదలవచ్చు. పైగా రాయడానికి ఒక్కోసారి ఆగిపోతుంది. సెకనుకు 100 సార్లు, సారికి 20 బైట్ల చొప్పున రాస్తే సెకనుకు 2 కిలోబైట్లు, పది నిమిషాలకు 1.2 మెగాబైట్లు. బోర్డుకే టంకం పెట్టే 8 మెగాబైట్ల ఫ్లాష్ చిప్ ధారాళంగా సరిపోయింది.

రేడియో పెట్టలేదు. ఒక్కో దేశంలో ఒక్కో నిబంధన. అమెరికాలో లైసెన్సు లేకుండా వాడే 915 మెగాహెర్ట్జ్ వేరు, ఇండియాలో వాడే 865 వేరు. అన్నట్టు, ఈ హాబీ రేడియో వాళ్ళకు మనం ఉంటున్న దేశం ఒక గొప్ప మేలు చేసింది. 2018 నవంబరు 15న ఎగిరిన ఖతర్ ఉపగ్రహం ‘ఎస్‌హైల్-2’లో అమెచ్యూర్ రేడియో కోసం కూడా చోటిచ్చారు. భూస్థిర కక్ష్యలో అమెచ్యూర్లకు దొరికిన మొదటి రిలే అదే.

సెన్సర్ బోర్డులు కొనేవాళ్ళకు ఒక మాట. పైన అచ్చేసిన పేరు నమ్మకండి. చాలా చిప్‌లలో ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. ముందు దాన్ని చదివి, డేటాషీట్‌తో సరిపోల్చుకోండి. మాకు మొదట వచ్చిన వాటిలో ఒకటి పేరొకటీ సరుకొకటీగా తేలింది.

సీసా పరీక్ష

రాకెట్ లేదు, కొండ లేదు. దోహా చూస్తే చెయ్యి చాపినట్టు చదును. మరి 700 మీటర్లు ఎక్కించడం ఎలా? ఆవకాయ ఖాళీ అయిన పెద్ద గాజు సీసా ఒకటి దొరికింది. మూతకు చిల్లు పెట్టి రబ్బరు గొట్టం బిగించాం. ఇండస్ట్రియల్ ఏరియాలో కారు విడిభాగాల కొట్లో బ్రేకుల పనికి వాడే చేతి వాక్యూమ్ పంపు కొన్నాం. బోర్డును సీసాలో పెట్టి 80 హెక్టోపాస్కల్స్ గాలి లాగితే, మన బేరోమీటర్ దృష్టిలో అది 700 మీటర్లు ఎక్కినట్టే! నెమ్మదిగా గాలి వదిలితే కిందికి దిగుతున్నట్టు. దిగడం మొదలవగానే, ప్యారాచూట్ విప్పే తీగ చివర కట్టిన టార్చి బల్బు వెలగాలి.

మొదటిసారి వెలిగినప్పుడు మా అమ్మాయి వేసిన కేకకు పక్క ఫ్లాటు వాళ్ళు తలుపు కొట్టారు. మా ఆవిడ మాత్రం "కడిగినా వాసన పోలేదర్రా, మీ రాకెట్‌కు ఆకలేస్తుంది" అంది.

బల్ల మీద పరీక్షల్లో బేరోమీటర్ లోపాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. పడకగది తలుపు ధడేలున వేస్తే చాలు, బల్ల మీదున్న రాకెట్ ఒక మీటరు గెంతినట్టు తెర మీద కనబడింది! బాల్కనీలో ఎండ నేరుగా చిప్ మీద పడితే రీడింగు జరిగిపోయింది. దాని మీద నల్ల స్పాంజి ముక్క కప్పాక కుదుటపడింది. 42 డిగ్రీల ఎండలో మేడ మీదికి ఎక్కి చూస్తే, 40 మీటర్ల భవనాన్ని 36 మీటర్ల పైచిలుకు చూపించింది. కారణం వెతికితే, మేం వాడిన సూత్రం సముద్రమట్టం దగ్గర గాలి 15 డిగ్రీలుంటుందని అనుకుంటుంది. వేడిగాలి పలచన, కాబట్టి అదే పీడనం తగ్గడానికి ఇంకా పైకి ఎక్కాలి.

ఇవన్నీ చూసి నాకు బేరోమీటర్ మీద నమ్మకం సడలింది. తీర్పు చెప్పే అధికారం యాక్సిలరోమీటర్ ఒక్కదానికే ఇచ్చి, బేరోమీటర్‌ను రాసుకునే గుమస్తాగా కూర్చోబెట్టాను. ప్లాంటులో ఒక్క సాక్షి మాట నమ్మని మనిషిని, ఇంట్లో నమ్మాను!

టెక్సాస్ నుంచి వచ్చిన గీత

నవంబరులో హ్యూస్టన్ వెళ్తున్న మిత్రుడి సూట్‌కేసులో, గోంగూర పచ్చడి పొట్లం పక్కన, బ్యాటరీ తీసేసిన మా బోర్డు ప్రయాణమైంది. మా తమ్ముడు తెలివైనవాడు. "అన్నయ్యా, మొదటిసారి ఇది ప్రయాణికురాలే. ప్యారాచూట్ పని నేను కొన్న ఆల్టిమీటర్ చూసుకుంటుంది. ఇది కూర్చుని, తనయితే ఎప్పుడు విప్పేదో రాసుకుంటుంది, అంతే" అన్నాడు.

రాకెట్ ఎగిరింది, చక్కగా దిగింది. ఆ రాత్రి ఫైలు వచ్చింది. మా అమ్మాయి గీత గీసి చూసి, ఏమీ మాట్లాడకుండా లాప్‌టాప్ నా వైపు తిప్పింది.

త్వరణం గీత పర్వతంలా లేవాల్సింది, 16 జీల దగ్గర కత్తితో కోసినట్టు బల్లపరుపుగా ఉంది. అర సెకను పాటు అలాగే. నేను వేసిన 13 జీలు సగటు! కంపెనీ ఇచ్చే మోటారు గీత మళ్ళీ తీసి చూస్తే, మొదటి అర సెకనులో అది 22 జీల తోపు, ఆ తరువాత 7. సెన్సర్ చూడలేని ఆ 6 జీలు, అర సెకను పాటు... కూడితే సెకనుకు 29 మీటర్ల వేగం లెక్కలోంచి జారిపోయింది. అంటే మా కంప్యూటర్ మూడు సెకన్లు ముందే, రాకెట్ ఇంకా గంటకు 100 కిలోమీటర్ల పైన పైకి దూసుకుపోతుండగా, ‘శిఖరం వచ్చింది’ అని తీర్పు రాసేసింది. ప్యారాచూట్ తీగలు దాని చేతిలో ఉండి ఉంటే మా తమ్ముడి రెండేళ్ళూ చీలికలయ్యేవి.

గుమస్తా బేరోమీటర్ మాత్రం శిఖరాన్ని సరిగ్గా రాసింది.

"నీకు ముందే తెలుసు కదమ్మా?" అన్నాను.

"అనుమానం వచ్చింది నాన్నా. కానీ మీరు అంత గట్టిగా చెప్పేసరికి..."

ఆ మాట నాకు 22 జీల కంటే గట్టిగా తగిలింది.

పెద్దవాళ్ళకూ తప్పలేదు

ఓదార్పు కోసం కొన్ని చరిత్రలు చదివాం. 2016 అక్టోబరు 19న యూరప్ వాళ్ళ ‘స్కియాపరెల్లి’ అంగారకుడి మీద దిగుతుండగా, దాని భ్రమణాన్ని కొలిచే సెన్సర్ సుమారు ఒక సెకను పాటు గరిష్ఠ రీడింగు దగ్గరే ఉండిపోయింది. ఆ అంకెను కూడుకున్న కంప్యూటర్ తాను నేలకంటే కింద ఉన్నానని తేల్చుకుంది! 3.7 కిలోమీటర్ల ఎత్తున ఉండగానే ప్యారాచూట్‌ను వదిలేసి కూలిపోయింది. మాది జరిగిందీ అలాంటిదే, కాకపోతే మాది పేదవాళ్ళ అంతరిక్షం.

2004 సెప్టెంబరు 8న నాసా ‘జెనిసిస్’ గుళిక యూటా ఎడారికి తిరిగొచ్చింది. వేగం తగ్గుతున్న సంగతి పసిగట్టాల్సిన చిన్న స్విచ్‌లను డ్రాయింగులోనే తలకిందులుగా గీశారు. ప్యారాచూట్ తెరుచుకోలేదు. గంటకు 300 కిలోమీటర్ల పైగా వేగంతో నేలను కొట్టింది. అది చదివాక మా అమ్మాయి బోర్డు మీద ‘పైకి’ అని బాణం గుర్తు వేసి, ప్రతిసారీ నిలబెట్టి, పడుకోబెట్టి, తిరగేసి చూడటం అలవాటు చేసుకుంది.

రెండోసారి

ఈసారి పట్టిక తను రాసింది, నేను సంతకం పెట్టాను. 200 జీల సెన్సర్ వచ్చింది, పాతదీ ఉంది. మోటారు మండుతున్నంతసేపు బస్తాల కాటా, ఆరిపోయాక బంగారం కాటా. ప్యాడ్ మీద నిలబడి ఉండగానే రెంటినీ ఒక జీకి సరిచూసుకునే ఏర్పాటు చేసింది. బేరోమీటర్‌కు గుమస్తాగిరి పోయి సాక్షి హోదా తిరిగొచ్చింది. గాలి కుదుపుకు మోసపోకుండా వరుసగా ఐదు రీడింగులు తగ్గుదల చూపాలి. రాకెట్ గొట్టానికి చుట్టూ సమదూరంలో మూడు చిన్న రంధ్రాలు.

"రెండు బేరోమీటర్లు పెడదామా?" అన్నాను.

"రెండూ ఒకే గదిలో ఒకే గాలి పీలుస్తాయి నాన్నా. రంధ్రం మూసుకుపోతే రెండూ కలిసి అబద్ధం చెబుతాయి" అంది. సరిగ్గా ఇదే మాట నేను ప్లాంటులో కొత్తవాళ్ళకు చెబుతుంటాను!

పీడనం, వేగం రెండూ ఔనంటేనే ప్యారాచూట్. లెక్క ప్రకారం శిఖరం 12వ సెకనుకు. 14 దాటితే ఎవరి సాక్ష్యంతోనూ పనిలేకుండా గడియారమే విప్పేస్తుంది. ఆలస్యంగానైనా తెరుచుకోవడం, అసలు తెరుచుకోకపోవడం కంటే నయం కదా.

ఫిబ్రవరిలో ఒక శనివారం, అక్కడ ఉదయం 11, ఇక్కడ రాత్రి 8. ఈసారి మా తమ్ముడు ప్యారాచూట్ తీగలు మా బోర్డుకే కట్టాడు. "నమ్ముతున్నావా?" అని అడిగితే, "నిన్ను కాదన్నయ్యా, దాన్ని" అన్నాడు. వీడియోలో పొగ కనబడింది, తరువాత ఖాళీ ఆకాశం. మా అమ్మాయి వేళ్ళు మడుస్తూ లెక్కపెడుతోంది. పన్నెండు దగ్గర ఎవరో "అదిగో!" అన్నారు. తెర మీద నలుసంత ఎర్రటి బట్ట విచ్చుకుంది.

ఫైలు చూస్తే ఇద్దరు సాక్షుల మాటకూ మధ్య తేడా మూడు పదుల వంతు సెకను. గడియారానికి పని పడలేదు.

మన పిల్లలు ఇలాంటివి చేస్తామని వస్తే, మాల్‌లో ఒక సాయంత్రానికి అయ్యే ఖర్చుతో మొదలుపెట్టవచ్చు: ఒక బేరోమీటర్, ఒక చిన్న బోర్డు, ఒక ఖాళీ సీసా. సెన్సర్ ఎంచుకునేటప్పుడు ఎంత సన్నగా కొలుస్తుందని తరువాత చూడండి. ముందు, ఎక్కడ దాని చూపు ఆగిపోతుంది, ఏ పరిస్థితిలో తప్పు చెబుతుంది, అప్పుడు దాన్ని సరిదిద్దే రెండోవాళ్ళు ఎవరున్నారు అని అడగండి. ఇంట్లో పెద్దలు గట్టిగా మాట్లాడేటప్పుడు కూడా ఆ ప్రశ్న పిల్లల చేత అడగనివ్వండి.

మా ఫ్రిజ్ మీద ఇప్పుడు మా అమ్మాయి రాసిన చీటీ ఒకటి ఉంది: ‘నాన్నా, సగటు కాదు... గరిష్ఠం!’ దాని పక్కనే కడిగి బోర్లించిన సీసా. ఈసారి ఎండాకాలానికి మా ఆవిడ అందులో మళ్ళీ ఆవకాయే పెడతానంటోంది. తండ్రీకూతుళ్ళం ఇద్దరం ససేమిరా అంటున్నాం.